తిరిగే చక్రం, ఆగిన వాచ్ లిస్టు

కువైట్‌లో ఉదయం 6:45 అయ్యేసరికి ముంబైలో షేర్ మార్కెట్ మొదలవుతుంది. కంపెనీ బస్సు ఎక్కే హడావిడిలో సెల్‌ఫోన్ తెరిస్తే, మూడు వందల షేర్ల నా వాచ్ లిస్టు గానుగెద్దులా తిరుగుతూనే ఉండేది. సాఫ్ట్‌వేర్‌ను చాన్నాళ్లు తిట్టుకున్నాను.

అసలు మనకు ఆ వేగంతో పనేమిటి? ప్రవాస భారతీయులు షేర్లు కొన్న రోజే అమ్మడానికి వీల్లేదు, డెలివరీ తీసుకోవలసిందే. అందుకే ఇప్పుడు శుక్రవారం సెలవునాడు, మధ్యాహ్నం ఒంటిగంటకు అక్కడ మార్కెట్ మూసేశాక, ముగింపు ధరల మీద ఒక్కసారే వడబోస్తున్నాను. లావాదేవీలు పలచగా ఉన్నవి, అప్పుల్లో మునిగినవి ముందే తీసేస్తే, బరువైన లెక్కలు చివర మిగిలిన కొద్దిపాటి షేర్ల మీదే నడుస్తాయి. జాబితా ఇరవైకి దిగింది, చక్రం తిరగడమూ తగ్గింది.

అయితే జల్లెడ పట్టేది కంపెనీ చెప్పిన అంకెలనే కదండీ! మన హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ సంగతే చూడండి. ఖాతాల్లో లేని 5,040 కోట్ల రూపాయల నగదు ఉన్నట్టు చూపామని 2009 జనవరి 7న రామలింగరాజు లేఖ రాశారు. అంతకుముందు రోజు వరకు నగదు నిల్వల ఫిల్టర్‌లో ఆ కంపెనీ దర్జాగా నెగ్గేది. ఆ ఒక్కరోజే షేరు నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది.

నా ఇరవై పేర్ల పక్కన, వార్షిక నివేదిక చదివిన తేదీ వేసుకుంటున్నాను. ఏడింటి పక్కన ఇంకా ఖాళీయే.