ఐదు శాతమే కదా!

ఇటీవల మా బంధువులలో ఒకామె, సెలవులకు అమెరికా నుండి వచ్చిన కుమారుని పెట్టెలో కనబడిన చిన్న సీసాను నా వద్దకు తెచ్చింది. వేపింగ్ పరికరంలో పోసే ద్రవమది. "నికోటిన్ ఐదు శాతమేనట బాబాయ్, ఫరవాలేదా?" అని అడిగింది. ఆ అంకె ఆమెకు ఊరట కలిగించింది. నాకు మాత్రం ఆందోళన కలిగించింది.

ఐదు శాతమంటే మిల్లీలీటరుకు సుమారు 50 మిల్లీగ్రాముల నికోటిన్. బ్రిటన్‌లోను, ఐరోపా సమాఖ్య దేశాలలోను చట్టం అనుమతించే గరిష్ఠ పరిమితి 20 మిల్లీగ్రాములే. ఒక సిగరెట్టు వలన శరీరంలో చేరేది దాదాపు 1 నుండి 2 మిల్లీగ్రాములు. ఆ సీసా పరిమాణం 30 మిల్లీలీటర్లు. లెక్క కట్టండి: మొత్తం 1500 మిల్లీగ్రాములు! ఇదంతా ఒక్కసారిగా రక్తంలో కలవదు, నిజమే. కాని తియ్యని వాసనకు ఆశపడి ఇంటిలోని పసివాడు ఒక్క గుక్క మింగినా ప్రాణాపాయమే. చర్మంపై ఒలికినా లోనికి ఇంకుతుంది.

ఇంత గాఢమైన నికోటిన్‌ను పీలిస్తే సహజంగా గొంతు మండి, దగ్గు రావాలి. ఆ మంట శరీరం చేసే హెచ్చరిక. బెంజోయిక్ ఆమ్లం వంటివి కలిపి తయారుచేసే 'నికోటిన్ సాల్ట్' ఆ హెచ్చరికను అణచివేస్తుంది. వ్యసనానికి దారి నునుపవుతుంది.

మిగిలినవి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, సువాసన ద్రవ్యాలు. "ఇవి ఆహారంలో వాడేవే" అని విక్రేతలు అంటారు. తినదగినదంతా పీల్చదగినది కాదు. వెన్న రుచినిచ్చే డయాసిటైల్‌నే చూడండి. అమెరికాలోని పాప్‌కార్న్ కర్మాగారాలలో దాని ఆవిరిని పీల్చిన కార్మికుల ఊపిరితిత్తులు కోలుకోలేని విధంగా దెబ్బతిన్నాయి.

పొగాకు కాలదు గనుక సిగరెట్టు కంటే ఇందులో విషపదార్థాలు తక్కువన్న వాదనను నేను కాదనను. కాని ఆ పోలిక ఏళ్ల తరబడి పొగ తాగినవారికే వర్తిస్తుంది. ఎన్నడూ పొగ ముట్టని యువకునికి ఏ మోతాదూ 'తేలిక' కాదు. పైగా మన దేశంలో 2019 నాటి చట్టం వీటి దిగుమతిని, విక్రయాన్ని నిషేధించింది. చాటుగా అమ్మే సీసాపై ముద్రించిన అంకెకు పూచీ ఎవరు?

మీ ఇంటిలోనూ ఇటువంటి సీసా కనబడితే బిడ్డను నిందించకండి. ఒక సీసా ఎన్నాళ్లు వస్తుందో, నిద్ర లేచిన ఎంతసేపటికి దాని కోసం చేయి చాస్తున్నాడో మెల్లగా అడగండి. లేచిన అరగంటలోపే అయితే అది సరదా కాదు, బానిసత్వం. దానికి చికిత్స ఉన్నది. వైద్యుని సంప్రదించండి, లేదా పొగాకు మానిపించే జాతీయ ఉచిత సహాయవాణి 1800-11-2356కు ఫోన్ చేయించండి.