ఎత్తున నిలిచిన కూలీ ప్రాణానికి పూచీ ఎవరిది?

గోదాముల్లో ఎత్తైన ఇనుప ర్యాకులను ఖాళీ చేసేటప్పుడు పై వరుస సరుకును దించడానికి రెండు అడ్డదారులు తొక్కుతుంటారు. ఫోర్క్‌లిఫ్టుపై చెక్క ప్యాలెట్ పెట్టి, దానిమీద కూలీని నిలబెట్టి పైకెత్తుతారు. లేదా ర్యాకు అడ్డకమ్మీలనే నిచ్చెన చేసుకొమ్మంటారు. కాలు జారితే కింద ఉన్నది కాంక్రీటు నేల. అలా పడినవాడిది అజాగ్రత్త అనడం అన్యాయమని మేము భావిస్తున్నాము.

సురక్షిత పద్ధతి తెలియనిదేమీ కాదు. మనుషులను ఎత్తడానికే తయారైన, చుట్టూ కటకటాలున్న లిఫ్టు వాడాలి. ఒంటికి కట్టిన సేఫ్టీ బెల్టు కొక్కేన్ని గట్టి ఆధారానికి తగిలించాలి. కింద రాకపోకలు ఆపాలి. పై వరుసతో మొదలుపెట్టి కిందికి ఖాళీ చేస్తూ రావాలి. స్తంభం వంగిన ర్యాకును పరీక్షించనిదే ఎవరినీ ఎక్కించరాదు.

ఇవి అమలు కాకపోవడానికి కారణం కాంట్రాక్టు పద్ధతి. యజమాని కాంట్రాక్టరును చూపుతాడు. కాంట్రాక్టరు కూలీ తొందరపాటును చూపుతాడు. అయితే కాంట్రాక్టరు కూలీకి పరిహారం చెల్లించే బాధ్యత అసలు యజమానిపైనా ఉంటుందన్నది 1923 నాటి పరిహార చట్టం నుంచీ ఉన్న సూత్రమే. కూలీ నిబంధన మీరాడన్న సాకు మరణం సంభవించినప్పుడు చట్టం ముందు చెల్లదు.

అందుకే హాజరు పట్టీలో ప్రతి కూలీ పేరు ఉండాలని, బెల్టు లేనిదే ఎక్కనన్నవాడి కూలి కోయరాదని మేము కోరుతున్నాము. మన బస్తీల నుంచి ఈ పనికి వెళ్లే యువకులు అడగవలసింది దయ కాదు, హక్కు.