పరుల కన్నులతో పరదేశ దర్శనము

ఒక దేశపు భాష ఎరుగకయే ఆ దేశమును గూర్చి సిద్ధాంతవ్యాసము వ్రాసి డాక్టరు పట్టము పొందుట ఢిల్లీలో సాధ్యమగుచున్నది. తెలుగు రాని విదేశీయుడొకడు ఆంధ్రుల రాజకీయములను ఐదేండ్లు పరిశోధించి, కడపట ఆంగ్లపత్రికలనే ఆధారముగా చూపినచో తెలుగువారు నవ్వుకొందురు. అదే పని బర్మాను గూర్చియో ఇరానును గూర్చియో భారతీయ విద్యార్థి చేసినప్పుడు ఎవరికిని నవ్వు రాదు.

ఈ విద్య ఆరంభమైననాటి ఆశయము ఇట్టిది కాదు. 1955లో సప్రూ హౌస్‌లో ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ వెలసినది. అప్పాదురై దానికి తొలి డైరెక్టరు. ప్రపంచమును లండను కిటికీనుండి గాక ఢిల్లీనుండి చూడవలెనను సంకల్పము దాని వెనుక నుండెను. 1970లో ఆ సంస్థ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయములో కలిసినది. అరబ్బీ, పారసీకము, చీనా, జపాను, రష్యను భాషలు నేర్పు శాఖలును ఆ ఆవరణములోనే కలవు. అయినను రాజకీయము చదువువాడు ఒక భవనమునకు, భాష చదువువాడు వేరొక భవనమునకు పోవుదురు. రెంటిని కలుపుకొన్నవారు లేకపోలేదు. కాని అది వారి స్వయంకృషి, విద్యావిధాన ఫలితము కాదు.

చీనా విషయము చూడుడు. శాంతినికేతనములో చీనాభవనము 1937లోనే వెలసినది. ఢిల్లీ విశ్వవిద్యాలయములో చీనా అధ్యయన శాఖ ఏర్పడినది 1964లో, అనగా 1962 యుద్ధము ముగిసిన పిమ్మట. ఫిరంగి మ్రోగినగాని రాజధానికి పొరుగువాని అక్షరములు గుర్తు రాలేదు.

రాజకీయము ప్రభుత్వముల మధ్య నడచునది, సంధిపత్రములన్నియు ఆంగ్లములో దొరకును, భాష కావ్యములు చదువువారికే అవసరము అని కొందరు వాదింతురు. 1930 మే నెలలో రంగూను రేవులో జరిగిన దానికి ఈ వాదమును అన్వయించి చూడవలెను. తెలుగు తీరమునుండి పోయిన రేవు కూలీలు, బర్మాలో కోరంగీలని పిలువబడినవారు, కూలి పెంచుమని సమ్మె కట్టిరి. యజమానులు వారి స్థానమున బర్మీయులను పెట్టుకొనిరి. కొలది దినములలో సమ్మెదారులతో రాజీ కుదిరినది, బర్మీయులను పొమ్మనిరి. రేవులో మొదలైన కొట్లాట నగరమంతట ప్రాకి పెక్కు ప్రాణములను బలిగొన్నది. హతులలో అత్యధికులు భారతీయులు.

1937 వరకు బర్మా భారత ప్రభుత్వపు పాలనలో ఉండుటచే ఆనాటి అధికారుల కాగితములు ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో చదువవచ్చును. వానిని మాత్రమే చదివిన విద్యార్థికి కనబడునది శాంతిభద్రతల సమస్య. అధికారి వేసిన ప్రశ్నలే అతని ప్రశ్నలగును. పిలిచి పనిలో పెట్టి, పిదప గెంటివేయబడిన బర్మీయుడు ఏమి తలచెనో, 1911 నుండి వెలువడిన ‘తురియ’ వంటి బర్మా పత్రికలు ఏమి వ్రాసెనో ఆ భాష రానివానికి ఎట్లు తెలియును? తెలుగు రానివానికి రెండవ పక్షమును అందదు. మేస్త్రీ అను మాటను నిఘంటువులో వెదకుకొనువాడు, ఆ మేస్త్రీకి బాకీపడి ఓడ యెక్కిన కూలీ గుండెబరువు తూచగలడా? ఇది కావ్యగోష్ఠి కాదు. ఆ రేవునాటి పగ సమసిపోలేదు. 1962లో సైన్యము అధికారమును చేపట్టిన పిదప లక్షలాది భారతీయులు బర్మాను విడిచిరి. విశాఖపట్టణములో ‘బర్మా క్యాంపు’ అను పేరు నేటికిని నిలిచియున్నది. ఏ సంధిపత్రము చదివినను ఆ పేరు ఎట్లు వచ్చెనో తెలియదు.

కాలము చాలదనుట మరొక ఆక్షేపణ. ఇందు సత్యము కలదు. విద్యార్థివేతనము స్వల్పము, పరదేశయాత్రకు ధనము దుర్లభము. కాబట్టి దోషము విద్యార్థిది కాదు, నియమములు వ్రాయువారిది. ఎం.ఏ. తరగతిలోనే రెండేండ్లు ఆ ప్రాంతపు భాషను తప్పనిసరి చేసి, పరిశోధనకాలమున కొనసాగింపవలెను. పొరుగు భవనములోని అధ్యాపకుని రప్పించుటకు విమానపు టిక్కెట్టు అక్కరలేదు. పట్టము నిచ్చుటకు ముందు జరుగు మౌఖిక పరీక్షలో, ఆ దేశపు దినపత్రిక నొకదానిని అభ్యర్థి ముందుంచి, మొదటి పుటలోని రెండు పేరాలు చదివి అర్థము చెప్పుమని పరీక్షకులు అడుగవలెను. అందుకు పావుగంట చాలును.