జీవన్మృతుని రక్తంలో థైరాయిడ్ తగ్గితే గుండె పనికిరాదా?

2023 జనవరిలో విశాఖపట్నం నుంచి విమానంలో తెచ్చిన ఒక గుండెను తిరుపతి శ్రీ పద్మావతి హృదయాలయంలో ఒక బాలునికి అమర్చారు. అటువంటి శస్త్రచికిత్స ఫలించాలంటే దాత ఐసీయూలో గడిపే చివరి గంటలలో జరిగే సంరక్షణ ఎంతో కీలకం.

ఆ గంటలలో రక్తపరీక్ష చేస్తే టీ3 అనే థైరాయిడ్ హార్మోన్ తక్కువగా కనిపించడం సర్వసాధారణం. ఆ కాగితం చూసిన కుటుంబసభ్యులకు రెండు సందేహాలు కలుగుతాయి. థైరాయిడ్ మందు ఇస్తే మావాడు లేస్తాడేమో అన్నది మొదటిది. థైరాయిడ్ తగ్గినవాని గుండె ఇంకొకరికి పనికివస్తుందా అన్నది రెండవది.

మొదటి దానికి సమాధానం చెబుతాను. తీవ్రమైన థైరాయిడ్ లోపం వలన కూడా మనిషి స్పృహ కోల్పోవచ్చు. అందువల్లనే అటువంటి లోపం, మత్తుమందుల ప్రభావం, శరీరం చల్లబడిపోవడం వంటి కారణాలు లేవని తేల్చుకున్న తరువాతనే బ్రెయిన్ డెత్ పరీక్షలు మొదలుపెడతారు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టాన్ని అనుసరించి నలుగురు వైద్యుల బృందం కనీసం 6 గంటల వ్యవధితో రెండుసార్లు పరీక్షించాలి. ఆ తరువాత కనబడే టీ3 లోపం మరణానికి ఫలితమే గాని కారణం కాదు. ఏ మందూ ఆ మెదడును తిరిగి లేపలేదు.

ఇక రెండవది. థైరాయిడ్ గ్రంథి ప్రధానంగా టీ4 తయారుచేస్తుంది. రక్తంలో దాని పరిమాణం సగానికి తగ్గడానికి సుమారు 7 రోజులు పడుతుంది. టీ3కి ఒక రోజు చాలు. శరీరం తీవ్రంగా దెబ్బతిన్నప్పుడు టీ4 టీ3గా మారడం మందగిస్తుంది. తీవ్రమైన ఇన్ఫెక్షన్లలో, పెద్ద ఆపరేషన్ల తరువాత కూడా ఇదే జరుగుతుంది. కనుక కాగితం మీద అంకె తగ్గినంత మాత్రాన గ్రంథి చెడినట్లు కాదు.

1980 దశకంలో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో నోవిట్జ్‌కీ, కూపర్ అనే వైద్యులు బబూన్ కోతులపై ప్రయోగాలు చేసి, మెదడు మరణించాక టీ3 పడిపోతుందనీ, దానిని ఎక్కిస్తే గుండె పనితీరు మెరుగవుతుందనీ గమనించారు. ఆనాటి నుంచి అనేక చోట్ల దాతలకు థైరాయిడ్ హార్మోన్ ఇవ్వడం ఆనవాయితీ అయింది. తగ్గినదానిని భర్తీ చేయాలన్న తర్కం వినడానికి సొంపుగానే ఉంటుంది. అయితే 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన అమెరికా పరిశోధన దానిని పరీక్షకు పెట్టింది. రక్తపోటు నిలబడడానికి మందులు అవసరమైన 838 మంది దాతలలో సగం మందికి లీవోథైరాక్సిన్‌ను, తక్కినవారికి సెలైన్‌ను ఎక్కించారు. మందు ఇచ్చినవారిలో 54.9 శాతం, సెలైన్ ఇచ్చినవారిలో 53.2 శాతం గుండెలు మార్పిడికి పనికివచ్చాయి. ఇది లెక్కకు వచ్చే తేడా కాదు. పైగా మందు ఇచ్చినవారిలోనే రక్తపోటు విపరీతంగా పెరగడం, గుండె వేగం హెచ్చడం అధికంగా కనిపించాయి.

అక్కడ వాడినది టీ4 గాని టీ3 కాదు గదా అని వాదించేవారున్నారు. ఆ వాదన తోసివేయదగినది కాదు. అయినా నిరూపణ లేనిదే ప్రతి దాతకూ ఈ హార్మోన్ ఇవ్వడం సబబు కాదని నా అభిప్రాయం. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల ఐసీయూలలో ముందు కావలసినవి వేరు: రక్తపోటు నిలపడం, మూత్రం ధారగా పోతుంటే వాసోప్రెసిన్ ఇచ్చి నీటిని భర్తీ చేయడం, శరీరోష్ణం కాపాడడం, జీవన్‌దాన్‌కు ఆలస్యం లేకుండా తెలియజేయడం. వీటిలో ఒక్కటి తప్పినా ఏ హార్మోనూ ఆ గుండెను కాపాడలేదు.

పాఠకులకు ఒక మాట. రోజూ పరగడుపున థైరాయిడ్ బిళ్ల వేసుకునేవారు కూడా అవయవదాతలు కావచ్చు. ఆ కారణంగా ఎవరూ వెనుకంజ వేయనవసరం లేదు. అవయవం పనికివస్తుందో లేదో వైద్యులు పరీక్షించి చెబుతారు. మీ ఇష్టమేమిటో మాత్రం మీరే చెప్పాలి. ఆ గడియలో దుఃఖంలో మునిగిన మీ ఇంటివారు మీ మనసును ఊహించుకోవలసిన పరిస్థితి రాకుండా, ఈ రోజే వారితో ఆ మాట చెప్పి ఉంచండి.