కారుకీ జాతకం ఉందా?

న్యూజెర్సీలో ఉంటున్న మా మేనల్లుడు మొన్న ఫోన్ చేసి, "మావయ్యా, సెకండ్ హ్యాండ్ పోర్షే బాక్‌స్టర్ ఒకటి కొందామనుకుంటున్నాను. ఏ సంవత్సరం మోడల్ తీసుకోమంటావు?" అని అడిగాడు. జన్మలో స్కూటర్ తప్ప నడపని నన్ను అడగడమేమిటా అనుకున్నాను. అసలు సంగతి తర్వాత బయటపడింది.

వాళ్ళమ్మ, అంటే మా అక్క, ఇక్కడ ఒక సంఖ్యాశాస్త్ర పండితుణ్ణి అడిగిందట. అబ్బాయికి 5 కలిసొస్తుందని ఆయన చెప్పాడు. 2003లోని అంకెలు కూడితే 5. కాబట్టి 2003 మోడలే కొనాలి. అక్కడి స్నేహితులేమో "2003 జోలికి పోకు. కొంటే 2000కి ముందుదన్నా కొను, లేదా 2009 తర్వాతదన్నా కొను" అంటున్నారట.

"ఇద్దరూ సంవత్సరం చూసే మంచిచెడ్డలు చెప్తున్నారు కదా మావయ్యా, తేడా ఏముంది?" అన్నాడు.

మంచి ప్రశ్న. హేతువాదులం అని చెప్పుకునే మనం దీన్ని నవ్వి తోసెయ్యకూడదు. జవాబు చెప్పాలి.

ముందు స్నేహితుల మాట చూద్దాం. మొదటి తరం బాక్‌స్టర్ అమెరికాలో 1997 నుంచి 2004 మోడల్ దాకా వచ్చింది. దాని ఇంజన్‌లో ఇంటర్మీడియట్ షాఫ్ట్ అని ఒకటుంటుంది. ఆ షాఫ్ట్ ఒక చివర చిన్న బాల్ బేరింగ్ మీద తిరుగుతుంది. తొలి ఇంజన్లలో ఆ బేరింగ్‌కి రెండు వరసల గుళ్ళుండేవి. 2000, 2001 ప్రాంతంలో దాన్ని ఒకే వరసకి మార్చారు. మూసి ఉన్న ఆ బేరింగ్‌లోని గ్రీజు కాలక్రమంలో పోయి, గుళ్ళు అరిగి విరిగితే కవాటాల లయ తప్పుతుంది. కవాటాలు పిస్టన్లకు కొట్టుకుని ఇంజన్ మొత్తం పోతుంది. 2006 ప్రాంతం నుంచి పెద్ద బేరింగ్ పెట్టారు. 2009 మోడల్‌తో వచ్చిన కొత్త ఇంజన్‌లో ఆ షాఫ్టే లేదు.

దీని మీద అమెరికాలో సామూహిక దావా నడిచింది. 2001 మే నుంచి 2005 ఫిబ్రవరి దాకా తయారైన కార్లకి సంబంధించి 2013లో రాజీ కుదిరింది. ఆ దావాలో బయటికొచ్చినవని చెప్పుకునే అంకెల ప్రకారం, రెండు వరసల బేరింగ్ చెడిన కార్లు నూటికి 1 లోపు, ఒక వరసది చెడినవి నూటికి 8 దాకా.

తేడా ఇక్కడే ఉంది. స్నేహితుల సంవత్సరం వెనక ఒక బేరింగ్ ఉంది. దాన్ని విప్పి చూడొచ్చు, లెక్కపెట్టొచ్చు, తప్పయితే తప్పని తేల్చొచ్చు. పండితుడి 5 వెనక ఏముంది? అసలు ఏ సంవత్సరం కూడాలి? 2002 శరదృతువులో తయారైన కారుని 2003 మోడల్‌గా అమ్ముతారు. కారు గుర్తింపు సంఖ్యలో పదో అక్షరం చెప్పేది మోడల్ సంవత్సరమే, పుట్టిన రోజు కాదు. తయారైన ఏడాది కూడితే 4, అమ్మిన పేరు కూడితే 5. ఇంజన్ మాత్రం ఒకటే!

అలాగని స్నేహితులకి పూర్తి మార్కులు వెయ్యను. వాళ్ళు కూడా సంవత్సరాన్ని జాతకం చేసేశారు. నూటికి 8 చెడ్డాయంటే 92 చెడలేదని అర్థం. లెక్క కోసం ఇంజన్ పోతే 10,000 డాలర్ల నష్టం అనుకుందాం. 8 శాతం అంటే సగటున 800. 1 శాతం అంటే 100. తేడా 700 డాలర్లు. మిగతా అన్నీ సమానమైతే, 2003 కారు అంతకంటే ఎక్కువ చవగ్గా దొరికితే అదే లాభం. అయితే ఒక్కసారిగా 10,000 పోతే తట్టుకోలేనివాడికి సగటు లెక్క సరిపోదు. అది వేరే సంగతి.

పైగా ఆ అంకె మొత్తం గుంపుది, మావాడు కొనబోయే కారుది కాదు. క్లచ్ మార్చేటప్పుడు గేర్‌బాక్స్ దింపుతారు కాబట్టి చాలామంది అప్పుడే ఆ బేరింగ్ కూడా మార్పించేస్తారు. అలా మార్చిన రసీదుంటే 2003 అన్న అంకె బరువు చాలా తగ్గిపోతుంది. ఆయిల్ ఫిల్టర్ కోసి చూస్తే ఇనప రజను కనిపించిందా, సంవత్సరం ఏదైనా వెనక్కి తిరగాల్సిందే. "నా కారుకి ఇరవై ఏళ్ళుగా ఏమీ కాలేదు" అనే అమ్మకందారు మాట, చుట్ట కాల్చి తొంభై ఏళ్ళు బతికిన తాతగారి కథ లాంటిదే.

అమెరికాలో పైకి మెరుస్తూ లోపల లోపమున్న కారుని నిమ్మకాయ అంటారు. కొనేవాడికి తెలియనిది అమ్మేవాడికి తెలియడం వల్ల బజారు ఎలా చెడుతుందో జార్జ్ ఎకర్లాఫ్ 1970లో ఈ నిమ్మకాయల పేరు మీదే వ్యాసం రాశాడు. 2001లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతిని మరో ఇద్దరితో పంచుకున్నాడు. మనం చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ధైర్యం తెచ్చుకుంటాం. చక్రాల మీద నిమ్మకాయ ఉందేమో చూసుకోవడం మాత్రం మరిచిపోతాం.

ఇంతకీ మావాడు ఏం కొన్నాడనుకున్నారు? బేరింగ్ మార్చిన రసీదు, మెకానిక్ తనిఖీ చీటీ రెండూ ఉన్న బాక్‌స్టరే కొన్నాడు. అది 2003 మోడల్!

"చూశావా, 5 మాటే నెగ్గింది" అని అక్క సంబరపడింది. పండితుడి ఖాతాలో ఒక విజయం పడిపోయింది. రేపు ఇంజన్ పోతే మాత్రం ఆ ఖాతాలో ఓటమి పడదు, శని దశ అంటారు. నేను ముందే రాసి పెట్టుకుంటున్నాను: ఆ ఇంజన్ చెడే అవకాశం తక్కువేగానీ సున్నా కాదు. చెడితే, ఎక్కడ తప్పు లెక్కవేశానో వెతుక్కుంటాను.

అక్క ఆ మాట పండితుడి చేత అనిపించగలదా?