నిశ్శబ్ద ఋతువులో నగర దర్శనం

దేశాటనం జ్ఞానసముపార్జనకు ముఖ్యసాధనమని మన పెద్దలు ఏనాడో గుర్తించారు. అయితే ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్నకు లోకం ఇచ్చే ప్రాధాన్యాన్ని ఎప్పుడు వెళ్లాలి, ఎలా చూడాలి అన్న ప్రశ్నలకు ఇవ్వదు. ఈ సందర్భంలో అల్లసాని పెద్దన మనుచరిత్రలోని ప్రవరుని కథ స్మరింపదగినది. అరుణాస్పదపురవాసియైన ప్రవరునికి పుణ్యక్షేత్రాలంటే ఎనలేని మక్కువ. తన ఇంటికి వచ్చిన యాత్రికులను కూర్చుండబెట్టి, వారు తిరిగిన దేశాల విశేషాలను అడిగి తెలుసుకొనేవాడు. ఒకనాడు ఒక సిద్ధుడు అనుగ్రహించిన పాదలేపం మహిమతో అల్పకాలంలోనే హిమాలయం చేరుకొన్నాడు. కాని మంచునీటికి ఆ పసరు కరిగిపోయింది. ఇంటికి మరలే దారి తెలియక అతడు దిక్కుతోచని స్థితిలో పడ్డాడు. నడిచి వచ్చినవాడైతే దారి ఎరిగి ఉండేవాడు.

నేటి యాత్రికునికి విమానమే పాదలేపం. నాలుగు రోజులలో మూడు దేశాలు చుట్టి, చూసిన ప్రతిచోటా ఛాయాచిత్రం తీయించుకొని ఇల్లు చేరినవానికి ఆ నగరాల దారులు తెలిశాయని చెప్పడం కష్టం. మన ప్రబంధకవులు పాటించిన అష్టాదశ వర్ణనలలో నగరవర్ణన ఒకటి, ఋతువర్ణన మరొకటి. నగరాన్ని ఋతువుతో కలిపి చూసినప్పుడే దాని నిజస్వరూపం గోచరిస్తుంది. ముఖ్యంగా సందడి సద్దుమణిగిన ఋతువులో చూసినవాడే దానిని చూసినవాడు.

ఈ మాటకు ఐరోపాలోని వెనిస్ నగరం చక్కని ఉదాహరణ. ఇటలీ దేశపు ఈశాన్యతీరంలో, ఉప్పునీటి సరస్సు నడుమ, నూరుకు పైగా చిన్న దీవుల మీద వెలసిన నగరమది. అక్కడ కాలువలే వీథులు, పడవలే బండ్లు. తెలుగువారికి ఆ నగరం పూర్తిగా పరాయిది కాదు. 13వ శతాబ్దిలో మన మోటుపల్లి రేవును గురించి, అచ్చటి సాలెగూడువంటి సన్నని వస్త్రాలను గురించి, ఆ దేశాన్ని పాలించిన రాణిని గురించి లోకానికి చెప్పిన మార్కోపోలో ఆ నగరవాసియే. ఆ రాణి కాకతీయ రుద్రమదేవి అని చరిత్రకారులు భావిస్తారు.

వేసవిలో వెనిస్ నగరం జనసంద్రం. సెయింట్ మార్కు చౌకంలో అడుగు తీసి అడుగు వేయడం కష్టం. ఈ తాకిడిని తట్టుకోలేక నగరపాలకులు 2024 ఏప్రిల్ 25 నుంచి, పగలు వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయే సందర్శకులపై 5 యూరోల ప్రవేశరుసుము విధించారు. ఊరు చూడటానికి టిక్కెట్టు కొనవలసిన పరిస్థితి వచ్చిందన్నమాట. ఆ సంవత్సరం రుసుము వసూలుకు ఎంపికచేసిన 29 రోజులూ ఏప్రిల్, జూలై నెలల మధ్యనే ఉన్నాయి. చలికాలంలో ఆ అవసరం కలగలేదు. క్రిస్మస్, నూతన సంవత్సర దినాలను, ఫిబ్రవరి ప్రాంతంలో వచ్చే కార్నివాల్ ఉత్సవాన్ని మినహాయిస్తే శీతకాలం వెనిస్‌కు విశ్రాంతి కాలం.

ఆ రోజులలో అక్కడ సుఖం కొరవడుతుంది. డిసెంబరులో పగటి వెలుగు తొమ్మిది గంటలకన్న తక్కువ. ఉదయం పూట పొగమంచు కాలువలను కప్పివేస్తుంది. శరత్, శిశిర కాలాలలో సముద్రపు పోటు పెరిగి నీరు వీథులలోకి వస్తుంది. అప్పుడు చెక్కబల్లలు పరచి, వాటిమీద జనం నడుస్తారు. 2019 నవంబరు 12న వచ్చిన పోటు 187 సెంటీమీటర్ల ఎత్తుకు చేరి నగరాన్ని ముంచివేసింది. అటువంటి పోటును ఆపేందుకు నిర్మించిన ఉక్కు తలుపులు మొదటిసారి పనిచేసింది 2020 అక్టోబరులో. ఎండ కాసే రోజున పడవ ఎక్కి పాడుకొంటూ పోయే వేసవి యాత్రికునికి నగరవాసుల ఈ పోరాటం కనిపించదు. చలిలో వచ్చినవానికి మాత్రం, బడికి పోయే పిల్లలు, కూరగాయల పడవ దగ్గర బేరమాడే వృద్ధులు, గుమ్మంలోకి వచ్చిన నీటిని తోడిపోసే దుకాణదారులు కనిపిస్తారు. వేసవిలో భవనాలు కనిపిస్తాయి. శీతకాలంలో వాటిలో బతికే మనుషులు కనిపిస్తారు.

వెనిస్ దాకా పోగల స్తోమత అందరికీ ఉండదు. అయితే పైన చెప్పిన పాఠం నేర్చుకోవడానికి అంత దూరం పోనవసరం లేదు. మన తీరంలోనే మరొక రేవుపట్టణం ఉంది. విశాఖపట్నం సంగతి వెనిస్‌కు సరిగా తలక్రిందులు. ఐరోపాలో జనం ఇల్లు కదలని చలికాలమే మనకు యాత్రాకాలం. డిసెంబరులో కూడ విశాఖలో పగలు సుమారు పదకొండు గంటలు. ఎండలో తీక్షణత ఉండదు, గాలిలో ఉక్క ఉండదు. అందుచేత క్రిస్మస్ సెలవులు మొదలు సంక్రాంతి దాకా రామకృష్ణా బీచి, కైలాసగిరి, ఋషికొండ, బొర్రా గుహలు, అరకు లోయ సందర్శకులతో కిక్కిరిసిపోతాయి. అరకు వెళ్లే రైలుకు 2017లో అద్దాల పెట్టె తగిలించిన తరువాత దానిలో చోటు దొరకడమే ఒక విశేషమైంది.

ఇంతమంది వచ్చే నగరంలో, ఆ నగరం పుట్టిన చోటికి మాత్రం వెళ్లేవారు తక్కువ. అదే వన్ టౌన్. రేవును ఆనుకొని, కొండల నడుమ, ఇరుకు వీథులతో ఉన్న పాతపట్టణమది. యాత్రాకాలపు హోరు జగదాంబ కూడలి దాటి ఇటువైపు రాదు. ఇక్కడి పేటల పేర్లు చదివితేనే చరిత్ర బోధపడుతుంది. కోటవీథిలో నేడు కోట లేదు. బురుజుపేటలో బురుజు లేదు. సోల్జర్‌పేటలో సిపాయిలు లేరు. 17వ శతాబ్ది చివరిభాగంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తకస్థావరం నెలకొల్పిన నాటి జ్ఞాపకాలు ఆ పేర్లలో మిగిలిపోయాయి.

ఈ పట్టణానికి మూడు కొండలు మూడు దీపస్తంభాల వంటివి. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయం, ఒకదానిపై ఇస్‌హాక్ మదీనా దర్గా, మరొకదానిపై మేరీమాత మందిరం. ఆ మూడవ కొండను, దానిపై ఇల్లు కట్టుకొన్నవాని పేరుతో, నేటికీ రాస్ హిల్ అని పిలుస్తారు. కొండ మీద నిలిచి చూస్తే రేవు ముఖద్వారం, దానికి అండగా నిలిచిన డాల్ఫిన్స్ నోస్ కొండ కంటికి ఆనుతాయి. ఒకప్పుడు ఓడలు నడిసముద్రంలో లంగరు వేస్తే, సరకులను పడవల మీద ఒడ్డుకు చేర్చేవారు. అలల తాకిడిని ఆపడానికి రెండు పాత ఓడలను ముంచి అడ్డుగోడగా నిలిపి, రేవును నిర్మించి, 1933లో ఓడలకు తెరిచారు. నేటి మహానగరానికి మూలం ఆ రేవు.

కొండ దిగివస్తే కురుపాం మార్కెట్టు. టోకు కిరాణా అంగళ్లు, బంగారు నగల దుకాణాలు, భుజాన బస్తాలు మోసే కూలీలు. కొంత దూరంలో స్థానికులు రాణిబొమ్మ అని పిలుచుకొనే విక్టోరియా రాణి విగ్రహం. బొబ్బిలి రాజావారి వితరణతో 20వ శతాబ్ది తొలినాళ్లలో వెలసిన టౌన్ హాలు. 1847లో స్థాపితమైన సెయింట్ అలోషియస్ పాఠశాల. 1930లో నోబెల్ బహుమతి పొందిన సి.వి. రామన్ బాల్యంలో చదువుకొన్నది ఆ పాఠశాలలోనే. ఆ గోడల పక్కగా నిత్యం నడిచిపోయే విద్యార్థులలో ఈ సంగతి ఎరిగినవారు ఎందరు?

వన్ టౌన్ శీతకాలమంతా మౌనంగానే ఉంటుందనుకోవడం పొరపాటు. మార్గశిరమాసంలో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి సన్నిధికి జనం వెల్లువెత్తుతారు. గురువారం నాడు తెల్లవారుజాముకన్న ముందే బారులు తీరుతారు. అమ్మవారి తలపై కప్పు లేదు. భక్తులు తమ చేతులతో తామే పూజించుకోవచ్చు. ధనిక పేద భేదం లేని ఆ దర్శనమే అక్కడి ప్రత్యేకత. అదే డిసెంబరులో రాస్ హిల్ మెట్లెక్కి మేరీమాతను కొలిచేవారు వేలమంది. అయితే ఈ రద్దీ వినోదయాత్రికులది కాదు. ఊరివారిది, ఊరిని తమదిగా భావించేవారిది. మార్గశిర గురువారం మరునాడు ఆ వీథులలో నడిచినవానికి ఒక పట్టణపు ఉత్సవమూ, దాని విశ్రాంతీ రెండూ అర్థమవుతాయి.

పాతబడిన మిద్దెలు, ఇరుకు సందులు, మురుగు కాలువలు చూడటానికి ఎవరు వస్తారని కొందరు ఆక్షేపించవచ్చు. ఈ ఆక్షేపణను తేలికగా కొట్టివేయరాదు. నిశ్శబ్దం అన్ని వేళలా మంగళకరం కాదు. విశ్రాంతి వల్ల కలిగే నిశ్శబ్దం వేరు, విస్మృతి వల్ల కలిగే నిశ్శబ్దం వేరు, భయం వల్ల కలిగేది మరింత వేరు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు రేవు మీద బాంబులు కురిపించినప్పుడు జనం ఇళ్లకు తాళాలు వేసి పల్లెలకు తరలిపోయారు. ఆనాటి నిశ్శబ్దం భయం తెచ్చినది. నేడు కొన్ని వీథులలో కానవచ్చే నిశ్శబ్దం విస్మృతి తెచ్చినది. వ్యాపారం కొత్త కూడళ్లకు, కుటుంబాలు కొత్త కాలనీలకు తరలిపోగా, పెంకుటిళ్లు, మండువా లోగిళ్లు ఒక్కొక్కటిగా నేలమట్టమవుతున్నాయి. రేవులో దించే బొగ్గు, ఎగుమతి అయ్యే ఇనుప ఖనిజం వల్ల రేగే ధూళి పాతపట్టణవాసులకు ఏళ్ల తరబడి తీరని బాధ. గాలి మందగించే చలికాలంలో ఆ ధూళి పైకి పోక నేలబారుగానే నిలుస్తుంది. ఆరబెట్టిన బట్టల మీద నల్లని పొర పేరుకొంటుంది. బీచిలో సూర్యోదయం చూసి మరలిపోయే అతిథికి ఈ సంగతి తెలిసే అవకాశం లేదు. నగరం తన సంపదను ఎవరి ఊపిరి నుంచి సంపాదించుకొంటున్నదో తెలుసుకోవడం కూడ నగర దర్శనంలో భాగమే.

అయితే వన్ టౌన్‌ను కూడ అద్దాలు తొడిగిన వినోదస్థలంగా మార్చివేయడం దీనికి పరిష్కారమా? కానే కాదు. ఇక్కడ వెనిస్ మరొక పాఠం చెబుతుంది. 1951లో సుమారు 1,75,000 మంది నివసించిన ఆ పాతనగరంలో 2022 నాటికి 50,000 మంది కూడ మిగలలేదు. ఇళ్లు అతిథిగృహాలయ్యాయి; నిత్యావసరాల అంగళ్లు బొమ్మల దుకాణాలయ్యాయి. లోకమంతా చూడవచ్చే ఊరిలో ఊరివారు ఉండలేని స్థితి ఏర్పడింది. ఒక ఊరు మరుపు వల్ల శిథిలమైతే, మరొక ఊరు మితిమీరిన ఆదరణ వల్ల ఖాళీ అవుతున్నది. ఈ రెండు ఆపదల నడుమ ఉన్న సన్నని బాట నెమ్మదిగా, గౌరవంగా చూసే యాత్రికుడే.

అటువంటి యాత్రికుడు కావడానికి ధనం అక్కరలేదు. ఒక శీతకాలపు ఉదయం, పాత పోస్టాఫీసు దగ్గర బస్సు దిగి, కాలినడకన ఆ మూడు కొండలు చూడవచ్చు. ప్రార్థనాస్థలాలలో మౌనం పాటించవచ్చు. దుకాణం అరుగు మీద కూర్చున్న పెద్దాయనను "తాతగారూ, ఈ వీథికి ఈ పేరెలా వచ్చింది?" అని అడగవచ్చు. ఆయన చెప్పినది రాసిపెట్టుకోవచ్చు. ఆయన అంగడిలో పావుకిలో బెల్లమైనా కొనవచ్చు. చూసినందుకు ఊరికి చెల్లించే రుసుము అదే. చూసినవాడు ప్రశ్నిస్తాడు. ప్రశ్నించే పౌరులున్న చోట పాత భవనాన్ని అర్ధరాత్రి కూల్చడం సులువు కాదు. ధూళిని కప్పిపుచ్చడం కూడ సులువు కాదు.

1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య మజిలీ మజిలీకి తాను చూసినది రాసుకొంటూ సాగాడు. తిరుగు ప్రయాణం మన తూర్పుతీరం మీదుగానే చేశాడు. దారులు, నదులు, ఊళ్లు, ధరలు, మనుషుల ఆచారాలు, అన్నీ ఆయన రాతలో నిలిచాయి. ఆయనకు పాదలేపం లేదు. కాబట్టే దారి మిగిలింది, ఆ దారి మనకూ దక్కింది.

దూరదేశపు మహానగరమైనా, ఇంటికి చేరువలోని పాతపేట అయినా, దర్శనసూత్రం ఒక్కటే. జనం చూపు మరొకవైపు ఉన్నప్పుడు వెళ్లాలి. తొందర లేకుండా నడవాలి. భవనాలతో పాటు మనుషులను చూడాలి. రేపు వెనిస్ చూడబోయే తెలుగు యువకుడు నేడు వన్ టౌన్‌లో నడక నేర్చుకోవాలి. తన ఊరి దారి ఎరిగినవాడు ఏ మంచులోనూ దారి తప్పడు.