అడవి అంచున మన రాగి చేలు

హోసూరు, డెంకణికోట, తళి వైపు రాగి కోతల కాలమంటే ఏనుగులు వచ్చే కాలం కూడా. కంకి పాలు పోసుకున్నప్పటి నుంచి కళ్లం ఎత్తేదాకా రైతు రాత్రుళ్లు మంచె మీదే. కాపలా ఉన్న ఇంటి పిల్లలు మర్నాడు బడికి ఎలా వస్తారో మన ఉపాధ్యాయులకు చెప్పనక్కర్లేదు. ఈ గుంపుల్లో చాలావరకు కర్ణాటకలోని బన్నేరుఘట్ట వైపు నుంచి దిగేవే. కాబట్టి ఆ అడవికి హద్దు ఎక్కడ గీశారన్నది మనకూ సంబంధించిన సంగతే.

బన్నేరుఘట్ట జాతీయ ఉద్యానం విస్తీర్ణం సుమారు 260 చదరపు కిలోమీటర్లు. ఉత్తరపు కొన బెంగళూరు శివార్లను తాకుతుంది, దక్షిణం వైపు తమిళనాడు అడవుల్లో కలుస్తుంది. హద్దు లోపల క్వారీ తవ్వడానికీ, లేఅవుటు వేయడానికీ వీల్లేదు. నగరం ఇంత దగ్గరికి వచ్చినా అడవి మిగిలిందంటే ముఖ్యంగా ఆ చట్టం వల్లే. రక్షిత ప్రాంతాలు కాగితాలకే పరిమితం అనేవారితో మనం ఇక్కడ ఏకీభవించలేం.

చిక్కంతా హద్దు బయట ఉంది. ఉద్యానం చుట్టూ ఎకో సెన్సిటివ్ జోన్ 268.96 చదరపు కిలోమీటర్లు ఉండాలని 2016 ముసాయిదా చెప్పింది. 2020లో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి అది 168.84కు తగ్గింది. కొన్నిచోట్ల దాని వెడల్పు 100 మీటర్లే. ఏనుగుల గుంపు రెండు నిమిషాల్లో దాటిపోయే దూరమది! లోపల కుదరని నిర్మాణాలు అంచుకు చేరతాయి, దారి మూసుకుపోయిన గుంపు పక్క చేలోకి తిరుగుతుంది. జాతీయ ఉద్యానాలు, అభయారణ్యాల హద్దుకు కిలోమీటరు లోపు గనుల తవ్వకం కూడదని సుప్రీంకోర్టు 2023లో మళ్లీ చెప్పింది. కానీ అన్నిచోట్లా కనీసం కిలోమీటరు జోన్ ఉండాలన్న అంతకుముందటి ఏడాది ఆదేశాన్ని సడలించింది.

తమిళనాడు 2014లో కావేరి ఉత్తర, 2022లో కావేరి దక్షిణ అభయారణ్యాలను ప్రకటించింది. మంచి పనే. అయితే ఏనుగులు అభయారణ్యం దగ్గర ఆగవు. 1980లలో హోసూరు, ధర్మపురి అడవుల నుంచి కొన్ని గుంపులు కుప్పం వైపు నడిచిపోయాయి. ఆ తర్వాతే 1990లో చిత్తూరు జిల్లాలో కౌండిన్య అభయారణ్యం వచ్చింది.

ఒక ఊరు కందకం తవ్వితే గుంపు పక్క ఊరికి మళ్లుతుంది. అందుకే ఈసారి రాగి కోతలకు ముందే రెండు రాష్ట్రాల అటవీ అధికారులు ఒకచోట కూర్చోవాలనీ, గుంపులు నడిచే దారుల పటాన్ని తెలుగులో కూడా మన ఊళ్లకు ఇవ్వాలనీ కోరుతున్నాం.